దమ్ము లేని కార్డుకి ఈత నేర్పిన రోజు

మీరిప్పుడు గ్రాఫిక్స్ కార్డు కొనాలంటే ముందు కూర్చుని వీడియోలు చూస్తారు. ఏ కార్డు మీద ఏ ఆట ఎంత నునుపుగా నడుస్తుందో, ఏది ఎంత వేడెక్కుతుందో ఎవరో ఒకరు కొలిచి, గీతలు గీసి మరీ చూపిస్తారు. మా రోజుల్లో అట్టపెట్టె ఉండేది. పెట్టె మీద నోరు తెరిచిన రాక్షసి బొమ్మ ఉండేది. బొమ్మ పక్కన మెమరీ ఎంతో ఒక అంకె ఉండేది. అంకె పెద్దదైతే కార్డు గొప్పది, చిన్నదైతే చిన్నది. అమ్మేవాళ్లకీ కొనేవాళ్లకీ తెలిసిన శాస్త్రం అంతే. ఆ శాస్త్రాన్ని నేను అప్పుడు ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. దానివల్ల నా ఉద్యోగం ఏమైందో చెబుతాను. విని జాలి పడకండి, అందుకోసం చెప్పడం లేదు.

కొత్త శతాబ్దం మొదలైన తొలి సంవత్సరాలవి. రాజమండ్రిలో ఒక కంప్యూటర్ షాపులో సర్వీసు బల్ల నాది. అంతకు ముందు టీవీలు బాగుచేసే చోట పనిచేశాను. ఆడమనిషి స్క్రూడ్రైవర్ పట్టుకుంటే వింతగా చూసేవాళ్లకు అప్పట్లో కొదవ లేదు. చెడిపోయిన మిషను మోసుకొచ్చినవాళ్లు నా ఎదురుగా నిలబడి, "మెకానిక్ గారు లేరా అండి?" అని నన్నే అడిగేవారు. "ఉన్నారండి, మీతోనే మాట్లాడుతున్నారు" అనేదాన్ని. కొందరు నవ్వేవారు. కొందరు మిషను మళ్లీ చంకన పెట్టుకుని పక్క షాపుకి వెళ్లేవారు. వెళ్లినవాళ్లలో సగం మంది తిరిగొచ్చేవారు కాబట్టి నేనేమీ బాధపడలేదు.

మా ఓనరుగారు చెడ్డమనిషి కాదు. అన్నవరం వెళ్తే మా అందరికీ విస్తరాకు పొట్లాల్లో ప్రసాదం తెచ్చేవారు. ఎవరింట్లో శుభకార్యం జరిగినా ముందు ఆయనే కనిపించేవారు. ఆయనకున్న బలహీనత ఒక్కటే, చవగ్గా వస్తోందంటే లాటుకి లాటు కొనేయడం. ఇక మా సేల్స్ ఆయన కాకినాడ మనిషి, గోదావరి గట్టున నిలబడి గోదావరి నీళ్లే అమ్మగల మాటకారి. ఈయన కొనడం, ఆయన అమ్మడం, అవి చెడిపోయాక నా బల్ల మీదికి రావడం, ఇలా సాగేది మా కాపురం.

ఆ వేసవిలో ఓనరుగారు మద్రాసు నుంచి ఒక లాటు గ్రాఫిక్స్ కార్డులు దింపారు. ఎర్ర రంగు బోర్డు, దాని మీద చిన్న ఫ్యాను, పెట్టె మీద రాక్షసి, పెద్ద అంకె. వాటితోపాటు అదే ధరకి ఇంకో రకం కొన్ని వచ్చాయి. ఆకుపచ్చ బోర్డు, ఫ్యాను లేదు, చిప్పు మీద అల్యూమినియం దిమ్మ మాత్రం ఉంది. తెల్ల పెట్టె, బొమ్మ లేదు. మెమరీ అంకె ఎర్రదాంట్లో సగం. వాటిని చూసి సేల్స్ ఆయన, ఇవెవరు కొంటారు, దీపావళికి కాల్చుకోవాలి అన్నాడు.

రెండింటినీ బల్ల మీద పెట్టి ఆడించి చూశాను. ఆకుపచ్చది పరుగెత్తింది. ఎర్రది చతికిలబడింది. మా వైపు రైసుమిల్లు గోదాము చూసినవాళ్లకి కారణం చెప్పడం తేలిక. గోదాము ఎంత పెద్దదైతే ఏం లాభం, బస్తాలు బయటికొచ్చే గుమ్మం ఇరుగ్గా ఉంటే? ఎర్ర కార్డు పెద్ద గోదాము, ఇరుకు గుమ్మం. ఆకుపచ్చది గోదాము చిన్నదే కానీ గుమ్మం వెడల్పు, లోపలున్న సరుకు చకచకా బయటికొస్తుంది. ఆట తెర మీద తడబడకుండా నడవాలంటే కావలసింది ఆ గుమ్మమే. ఈ మాట ఓనరుగారికి చెప్పాను. గోదాములో సరుకు ఖాళీ అయ్యేదాకా ఆ గుమ్మం సంగతి బయట ఎత్తకమ్మా అన్నారు.

అలాంటప్పుడు భీమవరం నుంచి ఒకమ్మాయి వచ్చింది. డిగ్రీ చదివి, అక్కడ కాలేజీ దగ్గర ఒక నెట్ సెంటర్ నడుపుకుంటోంది. నెట్ కన్నా ఆటలకే కుర్రాళ్లు ఎక్కువ వస్తున్నారని మిషన్లన్నింట్లో ఆటలు ఎక్కించింది. తనూ ఆడేది, కారు పందేల ఆటలో ఆ అమ్మాయిని గెలవాలని పక్క ఊళ్ల నుంచి కూడా వచ్చేవారట. అంతా బాగుందనుకునేసరికి రోడ్డుకి అవతల ఇంకొకాయన ఏసీ పెట్టి, కొత్త మిషన్లు పెట్టి గేమ్ సెంటర్ తెరిచాడు. ఈమె మిషన్ల మీద కొత్త ఆటలు తడబడుతున్నాయి, కారు మలుపు తిరిగేలోపు బొమ్మ ఆగిపోతోంది. కుర్రాళ్లు ఒక్కొక్కరే రోడ్డు దాటేశారు.

పెట్టుబడి పెట్టింది ఆమె మేనమామ. రొయ్యల మేత కొట్టు ఆయనది. మిషన్లన్నీ మార్చే స్తోమత లేదు కాబట్టి ఒక్కో మిషనులో చవక కార్డు వేయించడానికి ఆయన ఒప్పుకున్నాడు. అది ఆఖరిసారి అనీ, సెలవులు ముగిసేలోపు కుర్చీలు నిండకపోతే సెంటర్ మూసేసి మేత కొట్లో లెక్కలు చూసుకోవాలనీ చెప్పేశాడు. "ఆ మేత బస్తాల వాసన మధ్య నేను బతకలేనండి" అని ఆ అమ్మాయి నాతో మెల్లగా అంది. ఏడుస్తూ అనలేదు. పళ్లు బిగబట్టి అంది. అందుకే నాకు నచ్చింది.

మేనమామ కూడా వెంటే వచ్చాడు. తెల్లచొక్కా, తెల్ల పంచె, మెత్తటి మాట. మేత వ్యాపారం పొట్టకోసం, మనసంతా పందెం కోళ్ల మీద. ఏ రోజు ఏ పొద్దులో ఏ రంగు కోడిని దింపాలో చెప్పించుకోవడానికి జంగారెడ్డిగూడెం నుంచి కూడా మనుషులు ఆయన దగ్గరికి వస్తారని మా సేల్స్ ఆయనకి ముందే తెలుసు. అందుకని కుర్చీ వేసి, కాఫీ తెప్పించి, రెండు కార్డులూ గుడ్డ మీద పెట్టి చూపించాడు.

పెద్దాయన అంకె చూడలేదు, బొమ్మా చూడలేదు. కార్డుని చేతిలోకి తీసుకుని, కోడి రెక్క ఎత్తి చూసినట్టు అటూ ఇటూ తిప్పాడు. ఎర్రదాన్ని చూసి, ఇది డేగ అన్నాడు, పందేల్లో ఎర్ర కోడికి పేరది. ఆకుపచ్చదాన్ని చూసి, ఇది నెమలి అన్నాడు. వేళ్ల మీద ఏదో లెక్క కట్టి, ఈ పక్షంలో డేగకి బలం, డేగనే తీసుకుందాం అని తేల్చేశాడు. సేల్స్ ఆయన ముఖం వెలిగిపోయింది. పెద్దవారి చూపే వేరండి, మేం అంకెలు చూసి చెప్పేది మీరు రంగు చూసి చెప్పేశారు అని పొగిడాడు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమనే రకం మా వాడు.

నేను బల్ల దగ్గర నుంచి లేచి వచ్చాను. రంగుని బట్టి కార్డు పరుగెత్తదనీ, ఎర్రది వేస్తే ఈ అమ్మాయి సెంటర్లో ఇప్పుడున్న తడబాటే మిగులుతుందనీ చెప్పాను. ఓనరుగారు గొంతు సవరించుకున్నారు. ఆ శబ్దానికి అర్థం నాకు బాగా తెలుసు, అయినా ఆగలేదు. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్లని మా ఇంట్లో వాళ్లు ఊరికే అనరు. అమ్మాయి సూటిగా నన్నే అడిగింది, మీ మిషనులో అయితే ఏది వేసుకుంటారండీ అని. ఆకుపచ్చది అన్నాను. సేల్స్ ఆయన ఆకుపచ్చ కార్డుని గుడ్డ మీంచి తీసి పెట్టెలో పెట్టేశాడు.

పెద్దాయనకి మాత్రం కోపం రాలేదు. కళ్లు మెరిశాయి. "అయితే పందెం వేద్దాం అమ్మా. రెండూ పక్కపక్కనే దింపుదాం. నీది నెమలి, వారిది డేగ" అన్నాడు. రోజు కూడా ఆయనే ఖాయం చేశాడు, డేగకి మరీ బలమున్న రోజట. భీమవరం మనిషికి పందెం అనే మాట వినిపించాక ఇక వెనక్కి లాగడం ఎవరి తరం?

వాళ్లు వెళ్లాక ఓనరుగారు నన్ను లోపలికి పిలిచారు. అమ్ముడుపోయే సరుకుకి అడ్డు తగిలావన్నారు. పందెంలో ఓడితే బల్ల దిగి, కౌంటర్లో బిల్లులు రాసుకోవాలన్నారు. గెలిస్తే ఏమిస్తారని అడిగాను. గెలిస్తే నీ బల్ల నీదే అన్నారు. ఉన్నదాన్నే మళ్లీ గెలుచుకోవడం ఏం పందెమో నాకు అర్థం కాలేదు కానీ, సరే అన్నాను.

రోహిణి కార్తె ఎండ. పందెం రోజు షాపు నిండిపోయింది. ఎదురు టిఫిన్ హోటల్ ఆయన, పక్క జిరాక్స్ ఆయన, రిపేరుకి వచ్చినవాళ్లు, ఊరికే వచ్చినవాళ్లు. కాఫీల మీద, పెసరట్ల మీద పందేలు కాసుకున్నారు. అందరూ డేగ మీదే. నా మీద కాసింది మా షాపు ఊడ్చే ఆవిడ ఒక్కతే. అది కూడా కార్డు మీద నమ్మకంతో కాదట, సేల్స్ ఆయన ఓడితే చూడాలని.

రెండు మిషన్లు పక్కపక్కనే పెట్టాం. కార్డు తప్ప లోపల మిగతావన్నీ ఒకటే. నేను మామూలుగా మూత తీసే ఆడిస్తాను. ఓనరుగారు ఒప్పుకోలేదు, కొన్నవాళ్ల దగ్గర ఎలా ఉంటాయో అలాగే ఉండాలి, మూతలు వేసి స్క్రూలు బిగించమన్నారు. న్యాయమే, బిగించాను. అమ్మాయి కూర్చుని ముందు ఎర్రదాని మీద కారు నడిపింది. మలుపు మలుపుకీ బొమ్మ ఆగింది, జనం రెండడుగులు ముందుకి వంగి మళ్లీ వెనక్కి వచ్చారు. తరవాత ఆకుపచ్చదాని మీద కూర్చుంది. ఆ అమ్మాయి భుజాలు కిందికి దిగడం నేను చూశాను. కారు రోడ్డు మీద జారిపోతోంది. ఎక్కడా ఆగడం లేదు. పందెం కాసినవాళ్లు కూడా పందెం మర్చిపోయి చూస్తున్నారు. పెద్దాయన కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

అప్పుడు తెర మీద చుక్కలు మొదలయ్యాయి. ముందు ఒకటి రెండు, తరవాత ఎవరో గుప్పెడు ముగ్గుపిండి చల్లినట్టు తెరంతా. కారు సగం మలుపులో నిలిచిపోయింది. మిషను మీట నొక్కినా పలకలేదు.

షాపంతా ఒక్కసారి గోలెత్తింది. సేల్స్ ఆయన చప్పట్లు కొట్టాడు. మూత తీసి అల్యూమినియం దిమ్మ మీద వేలు పెట్టాను, చురుక్కుమంది. ఫ్యాను లేని కార్డు, మూసిన డబ్బా, బయట రోహిణి ఎండ. వేడికి ఆగిపోయింది, అంతే తప్ప చిప్పులో లోపం లేదు అన్నాను. ఆడలేక మద్దెల ఓడు అన్నారట అన్నాడు సేల్స్ ఆయన. అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ అమ్మాయి ఇంకా కుర్చీలోంచి లేవలేదు, ఆగిపోయిన కారునే చూస్తోంది. ఆమె ముఖం చూశాక నా బల్ల సంగతి నాకు గుర్తు రాలేదు.

పెద్దాయన ముందుకి వెళ్లి నిలబడ్డాను. "ఓడిపోయానండి, కాదనను. దీనికి వేడి తగ్గించడం నా చేతిలో పని. కానీ ఆ ఎర్రదానికి పరుగు నేర్పడం నా వల్ల కాదు, దాన్ని చేసినవాడి వల్ల కూడా కాదు. మీ మేనకోడలికి ఏది ఇస్తారో మీ ఇష్టం" అన్నాను.

 పెద్దాయన కార్డు చల్లారాక చేతిలోకి తీసుకుని దిమ్మని నిమిరాడు. తరవాత ఓనరుగారి వైపు తిరిగి అన్నాడు.

"మా కోళ్లలో ఇలాంటివి ఉంటాయండి. బరిలోకి దిగితే మెరుపే, రెండో దెబ్బకి ఆయాసం. దమ్ము లేని కోడిని చెరువులో వేసి ఈత కొట్టిస్తాం, దమ్ము అదే వస్తుంది. కాలు ఆడని కోడికి ఏం నేర్పుతామండి? దాన్ని కూర వండుకోవడమే."

సేల్స్ ఆయన మరి రంగు సంగతో అన్నాడు. పెద్దాయన గోడ గడియారం వైపు చూసి, ఏమాత్రం తొణక్కుండా, మధ్యాహ్నం దాటింది కదండీ, నెమలి పొద్దు వచ్చేసింది అన్నాడు. శాస్త్రం తప్పలేదు, మాట పోలేదు, మేనకోడలికి కావలసిన కార్డు దొరికింది. నా జన్మలో అంత నిండుగా ఓటమి ఒప్పుకోకుండా ఒప్పుకున్న మనిషిని మళ్లీ చూడలేదు.

ఓనరుగారు ఆకుపచ్చ కార్డులన్నీ కట్టించి ఇచ్చారు, బేరం బేరమే కదా. కానీ నాతో ఆడిన మాట మీద కూడా పట్టు వదల్లేదు. పందెం ఓడింది నువ్వే, రేపటి నుంచి కౌంటర్ అన్నారు. ఆయన లెక్కన అది న్యాయమే. నా లెక్కన కాదు. కౌంటర్లో కూర్చుంటే ఎర్ర కార్డు అడిగినవాడికి ఎర్ర కార్డే బిల్లు రాయాలి, నోరు మూసుకుని. నా స్క్రూడ్రైవర్, నా సోల్డరింగ్ ఐరన్ సంచీలో వేసుకున్నాను. స్క్రూడ్రైవర్ షాపుదనుకుని సేల్స్ ఆయన చెయ్యి చాపాడు. టీవీ షాపు నాటి నుంచీ ఇది నాదే బాబూ, నీది ఆ రాక్షసి అట్టపెట్టె అన్నాను. వెళ్లేముందు, చెత్తబుట్టలో పడున్న పాత ప్రాసెసర్ ఫ్యాన్లు పట్టుకెళ్లనా అని ఓనరుగారిని అడిగాను. ఆయన అటు తిరిగి, పట్టుకెళ్లమ్మా అన్నారు. ఆయన కూడా బాధపడ్డారనే అనుకుంటాను. అయినా పిలవలేదు, నేనూ ఆగలేదు.

మర్నాడు భీమవరం బస్సెక్కాను. సెంటర్లో ఒక్కో మిషనూ విప్పి, ఆకుపచ్చ కార్డు బిగించి, డబ్బా వెనక రేకు కోసి గాలికి దారి చేశాను. పాత ఫ్యాన్లు తిరుగుతున్నాయి కానీ అసలు చిక్కు అక్కడే వచ్చింది. వాటి కొలత వేరు, దిమ్మ కొలత వేరు. స్క్రూ పట్టదు. జిగురు పెడితే వేడికి కరిగి జారుతోంది. తీగ చుడితే బోర్డుకి తగులుతుందని భయం. నేను కింద కూర్చుని తల పట్టుకుంటే, పెద్దాయన గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. ఏం కావాలమ్మా అన్నాడు. గట్టిగా పట్టే కట్టు కావాలండి, వదులైతే ఫ్యాను ఊడి పడుతుంది, మరీ బిగిస్తే బోర్డు వంగుతుంది అన్నాను.

ఆయన లోపలికి వెళ్లి ఒక దారపు ఉండ తెచ్చాడు. మైనం పట్టించిన దారం. కోడి కాలికి కత్తి కట్టే దారమని చెప్పకుండానే తెలిసింది. నేలమీద బాసీపట్టు వేసుకుని కూర్చుని, కార్డుని ఒళ్లో పెట్టుకుని, అల్యూమినియం రెక్కల సందుల్లోంచి దారం పోనిచ్చి, ఫ్యాను మీద చుట్టి ముడి వేశాడు. ఊపి చూశాను, కదల్లేదు. వంచి చూశాను, బోర్డు మీద ఒత్తిడి లేదు. కోడి కాలికైతే రక్తం ఆడాలి కదమ్మా, మరీ బిగించకూడదు అన్నాడు. ఆ పూటంతా నేను బిగించడం, ఆయన కట్టడం. మేనకోడలు ఒక్కో మిషనూ మూత వేసి ఆడించి, చుక్కలు రాకపోతే పక్కన పెట్టింది. ఒక్క కార్డు మాత్రం ఎంత చేసినా నిలవలేదు, దాన్ని వదిలేశాం.

కుర్రాళ్లు ఒక్కరోజులో తిరిగి రాలేదు. ఇద్దరు ముగ్గురు వచ్చి చూసి వెళ్లారు. ఫ్యాన్ల చప్పుడు ఎక్కువగా ఉంది, రైసుమిల్లులా ఉందని వెక్కిరించారు కూడా. కానీ ఆట ఆగడం లేదన్న మాట కుర్రాళ్లలో పాకింది. అవతల ఏసీలో చల్లగా కూర్చుని అప్పుడప్పుడూ తడబడే కారు కన్నా, ఇక్కడ చెమట కారుస్తూ జారిపోయే కారే నయమనుకున్నారు. అవతలాయన మిషన్లలో ఉన్నదీ రాక్షసి పెట్టె కార్డేనని నాకు తరవాత తెలిసింది. సెలవులు ముగిసే నాటికి ఆ అమ్మాయి కుర్చీలు చాలక దగ్గర్లోని ఒక టిఫిన్ హోటల్ నుంచి బల్లలు తెప్పించింది. మేత కొట్లో లెక్కలు చూడడానికి పెద్దాయన వేరే మనిషిని పెట్టుకున్నాడు.

నేను ఆ సెంటర్ పక్క గదిలోనే నా బల్ల వేసుకున్నాను. రిపేరుకి వచ్చినవాళ్లు మెకానిక్ గారు లేరా అని అక్కడా అడిగారు. అక్కడా అదే జవాబు చెప్పాను. ఒకసారి మా సేల్స్ ఆయన వచ్చాడు. ఓనరుగారు పంపారట. ఎర్ర కార్డులు కొన్నవాళ్లంతా వెనక్కి తెస్తున్నారట, మీరేదో దారం కడితే కార్డులు పరుగెత్తుతున్నాయని విన్నాం, వీటికి కూడా కట్టిస్తారా అండీ అని అడిగాడు. సంచీ నిండా తెచ్చాడు పాపం. కాఫీ ఇప్పించాను. దమ్ము లేనిదానికైతే ఈత నేర్పుతాం, కాలు ఆడనిదానికి ఏం నేర్పుతామండీ అన్నాను. మళ్లీ షాపుకి వచ్చెయ్యమన్నారు, బల్ల ఖాళీగానే ఉంది అన్నాడు. కొనేవాళ్లు అడిగితే ఏ కార్డు మంచిదో కౌంటర్ ముందే చెబుతాను, దానికి ఒప్పుకుంటే వస్తానని కబురు పంపాను. ఒప్పుకున్నట్టు కబురు రాలేదు. నేను వెళ్లలేదు.

చాలా ఏళ్లకి ఆటలన్నీ ఇళ్లల్లోకీ ఫోన్లలోకీ వెళ్లిపోయాక ఆ అమ్మాయి తనంతట తానే సెంటర్ మూసింది. ఎవరూ మూయించలేదు. ఆఖరి రోజున మిషన్లు విప్పుతూ ఒక ఆకుపచ్చ కార్డు నా చేతిలో పెట్టింది. అదిప్పుడు మా ఇంట్లో అలమారాలో ఉంది. ఫ్యాను తిరగదు. చిప్పు చచ్చిపోయింది. దారం నల్లబడింది. ముడి మాత్రం ఇంకా వదల్లేదు.

ఆ షాపులో పనిచేసినవాళ్లు ఎక్కడైనా పెళ్లిలో కలిస్తే, ఆ రోజు మీరు ఓడిపోయారు కదండీ అని ఇప్పటికీ నవ్వుతారు. అవునండి, ఓడిపోయాను. ఓడిన కార్డునే తీసుకెళ్లి బిగించాను. ఆ అమ్మాయి సెంటర్ ఉన్నన్నాళ్లూ అదే ఆడింది.